గుండు బరువు, గురి దూరం

లింగంపేట దాటి ఎల్లారెడ్డి దారి పట్టాక రోడ్డుకు రెండు పక్కలా మక్కచేలే. వానాకాలం పంట, కంకిలో గింజ పాలు పట్టి గట్టిపడుతున్న రోజులు. జీపు దిగి గెట్టు మీద నడుస్తున్నారు. ముందు రైతు, వెనక బీట్ ఆఫీసర్, ఆ వెనక భుజాన రైఫిల్‌తో హైదరాబాద్ నుంచి వచ్చిన షూటర్, చివర్న మీరు. పొద్దు ఇంకా గూకలేదు.

చేను మూలకు రాగానే రైతు ఆగిపోతాడు. "గిటు సూడుండ్రి సారూ!"

మూడు సాళ్ల మక్క నేలకు ఒరిగి ఉంది. దంట్లు మొదట్లోనే విరిగిపోయాయి. కంకులను సగం కొరికి వదిలేసిపోయాయి పందులు. తడిమట్టిలో గిట్టల అచ్చులు స్పష్టంగా ఉన్నాయి: రెండు పెద్ద గిట్టలు, వాటి వెనక చెరోపక్కా ఒక చిన్న గుంట.

"పగటీలి గా ఒర్రెల పంటయి. సీకటి పడంగనే గుంపుకు గుంపు దిగుతయి. సగం చేను పాయె సారూ."

షూటర్ కూర్చుని అచ్చు మీద వేళ్లు ఆనించి చూస్తాడు. "మగది. ఎనభై కిలోల పైనే ఉంటది" అంటాడు. లేచాక ఆయన చేను వైపు చూడడు, చేను అవతలికి చూస్తాడు. ఒర్రె, దాని వెనక టేకు చెట్లు, కుడిచేతి వైపు దూరంగా తండా ఇళ్లు. "అటు మొఖాన కాల్చేది లేదు" అని ముందే తేల్చేస్తాడు.

అడవి పందిని చంపడం మామూలుగా నేరం. పంటను పాడు చేస్తున్నప్పుడు మాత్రం, కారణాలు రాతపూర్వకంగా చూపి కాల్చడానికి అనుమతి ఇచ్చే అధికారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షన్ కింద అధికారులకు ఉంది. ఆ కాగితం బీట్ ఆఫీసర్ జేబులో ఉంది. ఈ కాగితం దాకా ఆగలేని రైతులు కొందరు చేను చుట్టూ కరెంటు తీగ కడతారు. ఆ తీగకు పంది ఒక్కటే పడదు. చిరుత పడుతుంది, రాత్రిపూట మోటరు వేయడానికి పోయిన పక్కచేను మనిషి పడతాడు. లైసెన్సున్న షూటర్ రావడమే నయమని మీకు ఈ గెట్టు మీద నిలబడితే అర్థమవుతుంది.

మంచె కింద గొంగడి పరుచుకుని షూటర్ తూటాల డబ్బా తెరుస్తాడు. ఒకటి మీ అరచేతిలో పెడతాడు. పొడవాటి ఇత్తడి గొట్టం, దాని మూతికి బిగించిన గుండు. గుండు ఒంటికి రాగి తొడుగు ఉంది, కొన దగ్గర మాత్రం సీసం బయటికి కనిపిస్తోంది. ఇది .315. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే బోల్ట్ యాక్షన్ తుపాకీకి వాడేది. సైన్యం వాడే .303 తూటా జనం చేతికి పోకూడదని బ్రిటిష్ సర్కారు నిషేధం పెట్టడం వల్ల మన దేశంలో ఈ .315 పాతుకుపోయింది. ఆ ప్రభుత్వం పోయినా ఈ సైజు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

"దీని బరువెంతనుకుంటున్నరు?" అంటాడు ఆయన.

గుండ్ల బరువును ఎక్కువగా గ్రెయిన్లలో చెబుతారు. ఆ కొలత మనకు కొత్తదేమీ కాదు. సరిగ్గా 180 గ్రెయిన్లు ఒక పాత తులం, అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు బంగారం కొట్లలో పది గ్రాములనే తులం అంటున్నారు గానీ మన అమ్మమ్మల నగలు తూగింది ఆ పాత తులంతోనే. ప్రపంచంలో చాలామంది వేటగాళ్లు వాడే .30-06 రైఫిల్‌లో 180 గ్రెయిన్ల గుండు బాగా వాడుకలో ఉంది, అది అచ్చంగా తులం. మీ చేతిలో ఉన్న .315 గుండు 244 గ్రెయిన్లు, తులంపావు దాటి ఇంకాస్త.

ఆ .30-06లో ఎంచుకునే వీలు చాలా ఉంది. 150 గ్రెయిన్ల గుండు సెకనుకు సుమారు 880 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. తులం గుండు 820, 220 గ్రెయిన్లది 730 మీటర్ల చొప్పున. లెక్క కడితే మూడింటి శక్తీ దాదాపు ఒకటే. మరి తేడా ఎక్కడ? తగిలాక ఆ శక్తి ఎక్కడ ఖర్చవుతుందన్న దాంట్లో. ఒకే లావులో బరువు పెరిగితే గుండు పొడవు పెరుగుతుంది, లోపలికి ఎక్కువ దూరం దిగుతుంది. తేలికది బయల్లో, దూరాన నిలబడ్డ జింకజాతి జంతువుకు బాగుంటుంది, దాని దారి చదునుగా ఉంటుంది. అదే గుండు దగ్గర నుంచి, పూర్తి వేగంతో మగపంది భుజానికి తగిలితే పైపైనే చిట్లిపోవచ్చు. పోట్లాటల్లో కోరల దెబ్బలు కాచుకోవడానికి మగపంది భుజం మీద చర్మం కింద గట్టి పొర కడుతుంది. దాన్ని షూటర్లు డాలు అంటారు. వేలు పెట్టి నొక్కితే టైరు రబ్బరులా తగులుతుంది.

1912లో లండన్‌లో హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు తెచ్చిన .375 మాగ్నమ్ ఈ చిక్కును ఒక్క తుపాకీతోనే తీర్చాలని చూసింది. దానికి 235, 270, 300 గ్రెయిన్ల గుండ్లు ఉండేవి. దుప్పికి తేలికది, పులికి నడిమిది, అడవిదున్నకు బరువైంది. ఇక్కడికి దగ్గర్లోని పోచారం అడవి నిజాంల వేటకు కాపాడినదే. ఆలేరు వాగుకు అడ్డంగా 1916, 1922 మధ్య ఆనకట్ట కట్టారు, 1952లో ఆ అడవి అభయారణ్యమైంది. ఇవాళ ఈ మక్కచేను మూలన కూర్చున్న మనిషికి అలాంటి మూడు గుండ్ల వైభోగం లేదు. దేశంలో తయారయ్యే .315 తూటా ఒక్క బరువులోనే వస్తుంది. విదేశీ తూటాల ధర చాలా ఎక్కువ, దొరకడమూ కష్టమే.

"బరువు మనం మార్చలేం. దూరం మారుస్తం, కోణం మారుస్తం" అంటాడాయన. నా దృష్టిలో గుండు బరువు గురించి చెప్పుకోవలసిన మాట ఇదే. 244 గ్రెయిన్ల గుండు సెకనుకు 650 మీటర్లకు అటూ ఇటుగా వెళ్తుంది, నిదానం. రెండొందల గజాల్లో బాగా కిందికి జారిపోతుంది. అరవై గజాల లోపల మాత్రం డాలును దాటుకుని గుండె దాకా పోతుంది. అందుకే ఆయన పంది దగ్గరికి వచ్చే చోటు వెతుక్కుంటాడు.

మంచె ఎక్కండి. కోణం సంగతి ఇక్కడే తెలుస్తుంది. పై నుంచి కిందికి కాలిస్తే, గుండు పందిని దాటినా గెట్టు మట్టిలో దిగిపోతుంది. నేల మీద నిలబడి కాలిస్తే అదే గుండు తండా దాకా పోగలదు. బరువైన గుండు మంచిదంటారు గానీ గురి వెనక ఏముందో చూడని బరువు మనుషులకు ముప్పే.

చీకటి పడింది. టేకు ఆకుల వాసన. దోమలు. గాలి ఒర్రె వైపు నుంచి మీ మొహానికి తగులుతోంది, అది అటు మళ్లితే ఈ రాత్రి పని లేనట్టే. చాలాసేపటి తర్వాత దంటు విరిగిన చప్పుడు ఒకటి, వెంటనే ఇంకొకటి. షూటర్ మీ మోకాలి మీద చెయ్యి వేసి కదలొద్దంటాడు. లైటు వెలుతురులో మొదట బయటపడింది ఆడది, వెనక చారల పిల్లలు. ఆయన చెయ్యి ట్రిగ్గర్ మీదికి పోలేదు. ఆ వెనక మగది వచ్చింది. మెడ మీద నిక్కిన జూలు, తెల్లటి కోర. ఎదురుగా నిలబడింది. ఆయన ఇంకా ఆగుతున్నాడు. అది పక్కకు తిరిగి ముందరి కాలు ఒక అడుగు వేసినప్పుడు, మోచేతి వెనక ఖాళీ తెరుచుకుంది.

ఒక్కటే దెబ్బ. చెవుల్లో గుయ్యిమంది. పంది ఇరవై అడుగులు పరుగెత్తి సాళ్ల మధ్య పడింది. షూటర్ బోల్ట్ లాగి రెండో తూటా ఎక్కించాడు గానీ మంచె దిగలేదు. గాయపడ్డ మగపంది దగ్గరికి తొందరపడి పోవడం ఎంత ప్రమాదమో వేట తెలిసిన వాళ్లందరికీ తెలుసు. కదలిక పూర్తిగా ఆగాకే అందరూ దిగారు.

బీట్ ఆఫీసర్ టార్చి పట్టుకుంటే షూటర్ అవతలి పక్క చర్మం తడిమి ఒక గడ్డ దగ్గర ఆగాడు. కత్తితో కోస్తే గుండు బయటికొచ్చింది. కొన వెనక్కి విచ్చుకుని మొదట్లోని లావుకు రెండింతలైంది, రాగి తొడుగు ముడుచుకుపోయి మొదలు మాత్రం చెక్కు చెదరలేదు. ఇలా విచ్చుకునే మెత్తటి కొన గుండు కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890లలో తయారై ఆ ఊరి పేరే తెచ్చుకుంది. యుద్ధంలో మనుషుల మీద వాడటాన్ని 1899 హేగ్ ఒప్పందంలో నిషేధించారు. వేటలో మాత్రం అదే కావాలి. విచ్చుకోని గుండు సన్నటి రంధ్రం చేసి దాటిపోతుంది, జంతువు ఒర్రెలో పడి రోజుల తరబడి బాధపడి చస్తుంది. ఈ పంది అలా బాధపడలేదు.

పంచనామా రాశారు. వాడిన తూటా ఒకటి, ఖాళీ గొట్టం ఒకటి. మాంసం పంచుకునేందుకు లేదు, పొద్దున్నే లోతుగా పూడ్చాలి. చప్పుడు విని అప్పటికే నలుగురైదుగురు పోగయ్యారు. వాళ్లలో ఒక పెద్దాయన షూటర్ చెయ్యి పట్టుకుని, "మా చేనుకు గూడ రేపు రావాలె కొడుకా, కంకి మొత్తం పోతున్నది" అన్నాడు.

"వస్త పెద్దయ్యా. మీ చేను వెనకాల ఏమున్నది?"

"రోడ్డున్నది. దాని అవుతల బడి."

"అయితే పగటీలి ఒకసారి చూపియ్యి. మంచె యాడ కట్టాల్నో చూసినాకనే కాగితం రాపిద్దాం" అంటూ ఆయన రైఫిల్‌లో మిగిలిన తూటాలు తీసి లెక్కపెట్టి డబ్బాలో సర్దుకున్నాడు.