గాలికి తాళంచెవి

మొన్న సంక్రాంతికి మా ఊరు వెళ్ళినప్పుడు, కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే అమ్మ చెప్పిన మొదటి కబురు టీవీ గురించి. "పిడుగు పడి పాత డబ్బా మాడిపోయింది నాన్నా. కొత్తది పెట్టి వెళ్ళారు. అప్పట్నించీ దీనికి పూనకం రావడంలేదు" అంది. డబ్బా అంటే రూటరు. ఆ టీవీ నాన్నగారు ఐదేళ్ళ కిందట కొన్నది. ఆయన పోయి మూడేళ్ళయింది. తెర మీద వైఫై జాబితాలో ఆయన పెట్టిన పేరు ఇంకా ఉంది, పక్కన 'అందుబాటులో లేదు' అన్న మాటతో. అది చూశాక కాసేపు రిమోటు పక్కన పెట్టేశాను.

ఆ పాత రూటరుకి నాన్నగారు ఎంచుకున్న సంకేతపదం మా తాతగారి రేడియో లైసెన్సు నంబరు. ముందు తాతగారి పొడి అక్షరాలు, తరవాత ఆ అంకెలు. (అంకెలు ఇక్కడ రాయలేను, మన్నించాలి.) ఈ ఎంపికలో ఉన్న హాస్యం ఇప్పటివాళ్ళకి అందదేమోనని ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది.

నాన్నగారు తపాలా శాఖలో గుమాస్తాగా పనిచేశారు. మన దేశంలో 1933లో వచ్చిన వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం వైర్‌లెస్ పరికరం ఇంట్లో ఉంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి. మాటలు పంపే యంత్రానికే కాదు, వినే యంత్రానికి కూడా! పాటలు వినే మర్ఫీ రేడియోకైనా సరే, పోస్టాఫీసుకి వెళ్ళి రుసుము కట్టి, ఆ చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకుని రావలసిందే. టీవీలు వచ్చాక వాటికీ ఇదే తంతు. ఇళ్ళలోని రేడియోలకీ టీవీలకీ ఈ బెడద 1980లలో వదిలింది. అంతవరకూ మా ఊళ్ళో ఎవరింట్లో రేడియో ఉందో నాన్నగారికి తెలుసు. ఎవరు లైసెన్సు కట్టకుండా దుప్పటి కప్పి వింటున్నారో కూడా తెలుసు. ఎన్నడూ ఎవరి పేరూ పైకి రానివ్వలేదు.

అంటే గాలిలో వచ్చేదాన్ని అందుకోవడానికి ఆ రోజుల్లో ప్రభుత్వం అనుమతి కావాలి. అనుమతి ఒకసారి దొరికాక మాత్రం గాలి అందరిదీ. ఎవరింటి యాంటెన్నా ఎటు తిప్పినా అడిగేవారు లేరు.

యాంటెన్నా అంటే గుర్తొచ్చింది. మన మేడల మీద కాకులు వాలిన ఆ చేపముళ్ళ కర్రలు జపాను సృష్టి. 1926లో తొహోకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉదా, హిదెత్సుగు యాగి అనే ఇద్దరు దీన్ని లోకానికి చెప్పారు. పనిలో ఎక్కువ భాగం ఉదాదే అంటారు, పేరు మాత్రం ఎక్కువగా యాగికి దక్కింది. అందులో ఒక్కో కడ్డీ పొడవూ ఉజ్జాయింపుగా అందుకోవలసిన తరంగంలో సగం. దూరదర్శన్ వాడిన తరంగాలు మీటరున్నర నుంచి ఆరేడు మీటర్ల దాకా ఉండేవి గనక ఆ కడ్డీలు అంతంత పొడవు.

తెలుగు పల్లెలకి టీవీ వచ్చిన దారి అంతకన్నా విచిత్రం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, సైట్ అన్న పేరుతో ఇస్రో ఒక ప్రయోగం చేసింది. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకి నేరుగా బొమ్మలు పంపింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. కోళ్ళగూళ్ళకి వాడే వల వంటి తీగజాలంతో చేసిన మూడు మీటర్ల పళ్ళెంతో ఆకాశం నుంచి తెలుగు మాట దింపుకున్నారు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది ఆ తరవాత, 1977లో. నగరం కంటే ముందు పల్లె టీవీ చూసిన సందర్భం మన చరిత్రలో ఇదొక్కటేనేమో.

మా ఇంటికి టీవీ 1980ల చివర్లో వచ్చింది. ఆ కాలం వాళ్ళకి చెప్పక్కరలేదు: నాన్నగారు మేడ మీద గొట్టం పట్టుకుని, నేను మెట్ల మీద, అమ్మ తెర ముందు. "వచ్చిందా?" అని పైనుంచి కేక. నేను దాన్ని లోపలికి అందించాలి. "చుక్కలు... చుక్కలు... ఇప్పుడు నీడలు..." అని అమ్మ. నేను దాన్ని పైకి అందించాలి. చివరికి అమ్మ గొంతు మారేది: "ఆఁ, వచ్చింది, ఇంక కదపకండి!" ఆ మాటే తీర్పు. ఎండలో గొట్టం తిప్పినవాడి కష్టమెంతైనా కావచ్చు, బొమ్మ వచ్చిందో లేదో చెప్పే అధికారం తెర ముందున్న మనిషిది. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో తరవాత తెలుస్తుంది.

ఇక వైఫై గాలి సంగతి. ఇది మొదట్లో ఎవరూ పెద్దగా లక్ష్యపెట్టని గాలి. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు మిల్లీమీటర్ల తరంగాలతో దూరాన గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపించాడు. అంత పొట్టి తరంగాలతో లోకానికి అప్పట్లో పని పడలేదు. పొడుగు తరంగాలతో సముద్రాలు దాటించిన మార్కొనీ వైపు చరిత్ర నడిచింది. పొట్టి తరంగాల్లో 2400 మెగాహెర్ట్జ్‌ల చుట్టూ ఉన్న పట్టీ తరవాత వంటింటి మైక్రోవేవ్ పొయ్యిల వంటి వాటి పాలైంది. రణగొణధ్వని ఎక్కువ, సమాచారానికి పనికిరాదని పక్కనపెట్టిన పోరంబోకు అది. 1985లో అమెరికా ఎఫ్‌సీసీ ఆ పోరంబోకులో, మరో రెండు పట్టీల్లో, తక్కువ శక్తితో ఎవరైనా లైసెన్సు లేకుండా సంకేతాలు పంపుకోవచ్చని ప్రకటించింది. మైకేల్ మార్కస్ అనే ఇంజనీరు దీని వెనక పట్టుబట్టి కూర్చున్నాడు. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. యంత్రాలు కాదు, ఒక కాగితం.

ఆ కాగితాన్ని మొదట సద్వినియోగం చేసుకున్నవారిలో దుకాణాల గల్లాపెట్టెలు చేసే ఎన్‌సీఆర్ కంపెనీ ఉంది. కొట్లో సామాన్ల వరసలు మార్చినప్పుడల్లా గల్లాలకి తీగలు మళ్ళీ లాగడం వారి తలనొప్పి. నెదర్లాండ్స్‌లోని వారి బృందం వేవ్‌లాన్ చేసింది. ఆ బృందంలోని విక్ హేస్ పదేళ్ళు ప్రమాణాల సంఘానికి అధ్యక్షత వహించాడు. 1997లో 802.11 అన్న ప్రమాణం వెలువడింది, వేగం సెకనుకు రెండు మెగాబిట్లు. 1999లో అది పదకొండుకి పెరిగింది. అంతకుముందే, 1971లో, హవాయి విశ్వవిద్యాలయం నార్మన్ ఏబ్రమ్సన్ నాయకత్వంలో దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లని కలిపింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరూ ఆగి, తలా కాసేపు తోచినంత ఊరుకుని మళ్ళీ మొదలుపెట్టాలన్నది అక్కడి నియమం. మన సభల్లో కూడా అమలు చేయదగ్గది.

ఆస్ట్రేలియాలో జాన్ ఓ'సలివాన్ బృందం పేలిపోయే కృష్ణబిలాల సంకేతాల కోసం వెతికిన అనుభవంతో, గోడలకి తగిలి ప్రతిధ్వనించే తరంగాలని విడదీసే పద్ధతికి 1990లలో పేటెంటు తీసుకుంది. బిలాలు దొరకలేదు, ఇళ్ళల్లో వైఫైకి వేగం దొరికింది. వైఫైని హెడీ లమార్ అనే సినీతార కనిపెట్టిందని తరచు వింటుంటాం. ఆమె, జార్జ్ ఆంథైల్ కలిసి 1942లో పేటెంటు పొందినది శత్రువులకి చిక్కకుండా పౌనఃపున్యం మారుస్తూ టార్పెడోని నడిపే పద్ధతి. 1997 ప్రమాణంలో అటువంటి గెంతుడు పద్ధతి ఒకటి ఉన్నమాట నిజం. మన ఇళ్ళకి వచ్చిన వైఫై మాత్రం వేరే దారిన వచ్చింది. ఆమె ప్రతిభ తక్కువది కాదు, దానికి ఈ అతిశయోక్తి అవసరం లేదు. 'వైఫై' అన్న మాటకీ విస్తరణ లేదు, ఒక నామకరణ సంస్థ చేత పెట్టించిన పేరు అది.

మన దేశంలో ఈ 2400 పట్టీకి లైసెన్సు అక్కరలేదన్న నియమం 2005 జనవరిలో వచ్చింది. 5000 పైని పట్టీలు విరివిగా తెరుచుకున్నది 2018లో. అప్పటికి నాన్నగారు పదవీ విరమణ చేసి చాలా ఏళ్ళయింది. "నేను ముద్ర వేసిన గాలి ఇప్పుడు ఊరికే ఇస్తున్నారన్నమాట" అని నవ్వడం నాకు గుర్తుంది.

ఊరికే ఇచ్చిన గాలికి తాళం వేసుకోవలసింది మనం. ప్రభుత్వం అడిగే లైసెన్సు పోయింది, ఇంటి యజమాని అడిగే సంకేతపదం వచ్చింది. మొదటి తాళం, 1997 నాటి వెప్, 2001కల్లా పగిలిపోయింది. 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చింది. దానిలో తాళంచెవి ఎనిమిది అక్షరాలకి తగ్గకూడదు. టీవీకి తాళంచెవి ఇవ్వాలంటే, రిమోటు బాణాలతో తెర మీద ఒక్కొక్క అక్షరానికీ నడిచివెళ్ళాలి. పెద్దబడి, చిన్నబడి, గుర్తులు... నలుగురి ముందు చదివి వినిపిస్తూ కొట్టే రహస్యం అది. ఈ బాధ తప్పించాలని రూటరు మీద ఒక మీట పెట్టారు, నొక్కిన రెండు నిమిషాల్లో పరికరం చేరాలి. దాంతోపాటే ఎనిమిదంకెల పిన్ను కూడా ఇచ్చారు. ఆ పిన్నుని రెండు ముక్కలుగా సరిచూస్తుంది గనక పదకొండు వేల ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లో బయటపడింది.

2013లో గూగుల్ క్రోమ్‌కాస్ట్ వచ్చినప్పుడు దానికి రిమోటు లేదు, అక్షరాలు కొట్టే మీటలు లేవు. మరి తాళంచెవి ఎలా ఇవ్వాలి? అది తానే ఒక చిన్న వైఫైని పుట్టించి కూర్చునేది. మన ఫోను కాసేపు ఇల్లు విడిచి దాని గుడిసెలోకి వెళ్ళి, ఇంటి పేరూ తాళంచెవీ చెప్పి వెనక్కి వచ్చేది. అప్పుడు అది గుడిసె పీకేసి మన ఇంట్లో చేరేది. నేటి టీవీల్లో కొన్నిటిది ఇదే పద్ధతి, లేదా బ్లూటూతు ద్వారా ఇదే పని. తెర మీద కనబడే గళ్ళ బొమ్మ, అదే 1994లో జపానులో మోటారు భాగాల లెక్క కోసం పుట్టిన క్యూఆర్ కోడు, ఏ టీవీతో మాట్లాడాలో ఫోనుకి చెబుతుంది.

నేనూ అదే చేశాను. మొదటిసారి కుదరలేదు, నా ఫోను మొబైల్ డేటా మీద ఉండిపోయింది. కొత్త రూటరు వైఫైలోకి ఫోనుని ముందుగా చేర్చి, బ్లూటూతు వెలిగించి, తెర మీది బొమ్మని ఫోనుతో చూపిస్తే టీవీ పేరు ఫోనులో వచ్చింది. రెండిటి మీదా ఒకే అంకెలు ఉన్నాయో లేదో చూసి 'సరే' నొక్కాను. అరనిమిషంలో టీవీకి ప్రాణం వచ్చింది.

అమ్మ సంతోషించలేదు. "నువ్వెళ్ళాక మళ్ళీ పిడుగు పడితే?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఒకప్పుడు బొమ్మ వచ్చిందో లేదో తీర్పు చెప్పిన మనిషి, ఇప్పుడు కొడుకు ఫోను కోసం సంక్రాంతి దాకా ఎదురుచూసింది. బీరువా పక్కన సుప్రభాతం కోసం పెట్టుకున్న నాన్నగారి పాత ఫోను కూడా నెలరోజులుగా మూగదే. అదీ పాత పేరునే వెతుక్కుంటోంది.

"కొత్త డబ్బాకి మీ నాన్న పెట్టిన పేరే పెట్టకూడదా? ఇల్లు పడగొట్టి కట్టుకున్నా నంబరు అదే ఉంటే, ఉత్తరం వస్తుందిగా" అంది అమ్మ.

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. తపాలా గుమాస్తా భార్య చెప్పింది అక్షరాలా నిజం. డబ్ల్యూపీఏ2లో అసలు తాళంచెవి, వైఫై పేరునీ సంకేతపదాన్నీ కలిపి 4,096 సార్లు చిలికితే వస్తుంది. అందులో రూటరు ఎవరు చేసింది, ఎప్పుడు కొన్నది అన్న ప్రసక్తే లేదు. పేరు అదే, పదం అదే, తాళం జాతి అదే అయితే పరికరాలకి అది పాత ఇల్లే.

రూటరు అమరికల్లోకి వెళ్ళి, నాన్నగారు పెట్టిన పేరు అక్షరం పొల్లుపోకుండా రాశాను. ఆ తరవాత తాతగారి పొడి అక్షరాలు, లైసెన్సు అంకెలు. భద్రపరచమని నొక్కగానే ఇంట్లో వైఫై ఒక నిమిషం పోయింది. టీవీ తెర ఆగిపోయి, చక్రం తిరిగింది. బీరువా పక్కన పాత ఫోను, ఎవరూ ముట్టుకోకుండానే, నెలరోజుల సందేశాలతో టింగుటింగుమని మోగసాగింది. నేను రూటరు దగ్గర నుంచి "వచ్చిందా?" అని కేకేశాను.

"ఆఁ, వచ్చింది. ఇంక కదపకు" అంది అమ్మ.