మందు కొలతకు రక్తమే సాక్షి

ఔషధమునకును విషమునకును నడుమ ఉన్నది మోతాదు భేదమే. ఈ మాట గుండెజబ్బు మందైన డిజిటాలిస్ విషయమున అక్షరాల నిజము.

ఇంగ్లండులో విలియం విథరింగ్ అను వైద్యుడు ఒంటికి నీరుపట్టిన రోగులకు ఫాక్స్‌గ్లవ్ ఆకులతో చికిత్స చేసి, 1785లో తన అనుభవములను గ్రంథముగా ప్రకటించెను. మూత్రము జారీయగుటయో, నాడి మందగించుటయో, వికారమో కనిపించువరకు మందిచ్చి, అంతటితో ఆపవలెనని ఆయన బోధ. అనగా రోగి శరీరమే కొలపాత్ర! 1930లో సిడ్నీ స్మిత్ ఈ జాతి మొక్కనుండి డిగాక్సిన్‌ను శుద్ధముగా వేరుచేయగా, మాత్రలోని మందును తూచుట సాధ్యమయ్యెను. కాని రక్తములో ఎంత చేరినదో తెలియదాయెను. గుండె లయ తప్పినచో అది వ్యాధివలననా, మందువలననా? పొరపడి మోతాదు పెంచిన ప్రాణమునకే ముప్పు.

మిల్లీలీటరు రక్తములో ఈ మందు సుమారు ఒక నానోగ్రాము, అనగా గ్రాములో నూరుకోట్లవ వంతు మాత్రమే. 1967లో అమెరికాలో బట్లర్, చెన్‌లు డిగాక్సిన్‌ను మాంసకృత్తుకు జోడించి కుందేళ్ల కెక్కించి, దానిని పట్టుకొను ప్రతిదేహములను పుట్టించిరి. 1969లో స్మిత్, బట్లర్, హేబర్‌లు వానితోనే రోగుల రక్తమును పరీక్షించిరి. పరిమితమైన ప్రతిదేహములకొరకు రోగి రక్తములోని మందును, రేడియోధార్మిక డిగాక్సినును పోటీపడును. రక్తములో మందు హెచ్చినకొలది, ప్రతిదేహములకు అంటు రేడియోధార్మికత తగ్గును.

విషలక్షణములున్నవారి రక్తములో మందు సాధారణముగా హెచ్చుగానే తేలెను. అయినను ఉభయుల అంకెలు కొంత కలిసిపోయెను. పొటాషియం తగ్గినచో కొద్ది మందును విషమగును. మూత్రపిండములు చెడినచో మందు ఒంటిలో నిలిచిపోవును. కనుక వైద్యుడు అంకెతోపాటు రోగినికూడ చూడవలెను.