పాత కాంపాక్ట్ ఎస్‌.యు.వి. కొంటున్నారా? ఫుజైరా నుంచి కొన్ని జాగ్రత్తలు

ఎమిరేట్స్‌కి వచ్చిన మన తెలుగువాళ్ళలో చాలామందికి మొదటి కారు సెకండ్ హ్యాండే. నేనూ అంతే. ఇంజనీరింగులో మాస్టర్స్ చేశాను కదా, నాకు తెలియదా అనుకుని, బానెట్ ఎత్తి చూసి, ఊళ్ళో ఒక రౌండు తిప్పి, ఆరేళ్ళ పాత కాంపాక్ట్ ఎస్‌.యు.వి. కొనేశాను. మూడో వారంలోనే, 2023 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, దుబాయ్ నుంచి ఫుజైరా వస్తుంటే హజర్ కొండల దగ్గర ఇంజన్ వేడి ముల్లు ఎర్రగీత దాటింది. ఏసీ ఆగిపోయింది. వెనక సీట్లో మా రెండేళ్ళ పాప ఉంది. రోడ్డు పక్కన ఎక్కడా నీడ లేదు. రికవరీ ట్రక్కు రావడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నర మన వాళ్ళెవరికీ రాకూడదనే ఇది రాస్తున్నాను.

వేడి: ఈ బండ్లు చూడటానికి జీపులా ఉన్నా చాలావాటి పునాది చిన్న కారుదే. ఫుజైరా దారిలో ఎక్కుళ్ళు ఉంటాయి, బయట 45 డిగ్రీలు, పైగా ఏసీ ఫుల్లు. రేడియేటర్, ఫ్యాన్, థర్మోస్టాట్, రబ్బరు గొట్టాలు - ఏ ఒక్కటి బలహీనంగా ఉన్నా బయటపడేది ఇక్కడే. అందుకని టెస్ట్ డ్రైవ్ సాయంత్రం ఊళ్ళో కాదు, మధ్యాహ్నం ఏసీ వేసి కొండదారిలో చెయ్యండి. గల్ఫ్ దేశాల కోసం తయారైన 'జీసీసీ స్పెక్' బండి అయితే మంచిది.

గేరుబాక్సు: ఓనర్ల ఫిర్యాదుల్లో ఎక్కువ వినిపించేది ఇదే. సీవీటీలో గేర్లకి బదులు రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. ఆయిల్ పాతబడి వేడెక్కితే బండి తనంతట తానే శక్తి తగ్గించుకుంటుంది. డ్యూయల్ క్లచ్ రకంలో నెమ్మదిగా కదిలేటప్పుడు వణుకు వస్తే అనుమానించండి. ఇది ఒట్టి ఓనర్ల సణుగుడు కాదు. ఫోకస్, ఫియెస్టా, ఎకోస్పోర్ట్ బండ్ల పవర్‌షిఫ్ట్ గేరుబాక్సు ఫిర్యాదులను సరిగా పట్టించుకోనందుకు 2018లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి డాలర్ల జరిమానా వేసింది.

వరద: నా బండి అసలు జబ్బు ఇది. ఫ్యాన్ కనెక్టరు విప్పితే లోపల పచ్చటి తుప్పు, సీటు పట్టాల కింద ఎండిన బురద! 2022 జులైలో ఫుజైరా పోర్టులో రెండు రోజుల్లోనే 255 మి.మీ. వాన పడింది. 2024 ఏప్రిల్‌లో దేశమంతా మునిగింది. అంత వాన 1949లో రికార్డులు మొదలయ్యాక ఎప్పుడూ పడలేదు. అలా నీళ్ళలో నిలిచిన బండ్లు తుడిచి, సెంటు కొట్టి మార్కెట్లోకి వస్తాయి. కార్పెట్ ఎత్తి చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగి మరకలున్నాయేమో చూడండి. స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టండి.

కాగితాలు: ముల్కియాలో ఉన్న ఛాసిస్ నంబరు బండి మీద నంబరుతో కలవాలి. ఆ నంబరుతోనే పోలీసు రికార్డుకెక్కిన యాక్సిడెంట్లు ఆన్‌లైన్లో చూసుకోవచ్చు. అమెరికా నుంచి దిగిన బండి అయితే అక్కడి చరిత్ర కూడా తీయించండి. టైరు మీద నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. అయిదేళ్ళు దాటితే పాసింగ్ కాదు. పాసింగ్ అయినంత మాత్రాన బండి బాగున్నట్టు కాదు, భద్రత పరీక్షలో గేరుబాక్సు విప్పి చూడరు. అందుకే అమ్మేవాళ్ళు చెప్పిన గ్యారేజీలో కాకుండా, మీరు ఎంచుకున్న చోట పూర్తి తనిఖీ విడిగా చేయించుకోండి.

చివరిగా ఒక్క మాట. నేను వెనక్కి వెళ్ళి అడిగితే అమ్మినవాళ్ళు సంతకం చూపించారు - 'ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను' అని! చదవకుండా పెట్టిన సంతకం నాదే. రిపేరు డబ్బులూ నావే. సంతకానికి ముందు ఒక్క రోజు ఆగి, బండిని కొండెక్కించి చూడండి.