ఒక పైపు నిప్పు, ఒక పైపు చల్లన: బైక్ సైలెన్సర్ చెప్పే జబ్బు ఏది?

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన ఉన్న ముత్తియాల్‌పేట బంగాళాఖాతానికి దగ్గరి ప్రాంతం. ఇలాంటి చోట బైక్ సైలెన్సర్ పాడైతే నింద ముందుగా ఉప్పుగాలి మీదికే పోతుంది. చాలాసార్లు అది నిజమే. కానీ రెండు పైపుల్లో ఒకటి మండిపోతూ, రెండోది గోరువెచ్చగా ఉంటే అది సముద్రం పని కాదు. లోపం సాధారణంగా ఇంజిన్‌లోనో, పైపు లోపలి అడ్డంకిలోనో ఉంటుంది. ఆ తేడా తెలుసుకోకుండా కొత్త సైలెన్సర్ బిగిస్తే, పాత లోపం కొత్తదాన్నీ తినేస్తుంది.

రెండు పైపులు ఎక్కడి నుంచి?

మొదట చూడాల్సింది ఆ రెండు పైపులు ఎన్ని సిలిండర్ల నుంచి వస్తున్నాయన్నది. మైసూరులో తయారైన పాత జావా, యెజ్డీ 250 బండ్లకు రెండు సైలెన్సర్లున్నా సిలిండర్ ఒక్కటే. రెండు పైపుల్లోకీ వెళ్లేది ఒకే మంట నుంచి వచ్చే పొగ. కాబట్టి ఒకటి చల్లగా ఉంటే ఆ పైపులో మసి పేరుకుని దారి మూసుకుపోయిందని అనుమానించాలి. పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా మండే టూ స్ట్రోక్ ఇంజిన్లలో ఇది మామూలే.

రాజ్‌దూత్ 350, 2018లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 బండ్ల సంగతి వేరు. వాటికి రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో బెండు పైపు. ఇక్కడ ఒక పైపు చల్లగా ఉంటే ఆ సిలిండర్ సరిగా మండడం లేదని అర్థం. ప్లగ్, కాయిల్, ఇంజెక్టర్ లేదా కార్బొరేటర్, కంప్రెషన్ ఈ నాలుగింటిలో ఎక్కడో లోపం ఉంటుంది. రెండు ప్లగ్గులను అటూ ఇటూ మార్చి చూస్తే మొదటి అనుమానం తేలిపోతుంది. చల్లదనం రెండో వైపుకు మారితే తప్పు ప్లగ్‌దే. మారకపోతే కాయిల్, ఇంధనం, కంప్రెషన్ వరుసగా చూడాలి.

ఒక పైపు మరీ వేడెక్కుతుంటే కారణాలు వేరు. ఆ వైపు ఇన్‌టేక్ రబ్బరు పగిలి అదనపు గాలి చొరబడుతుండవచ్చు. ఇగ్నిషన్ టైమింగ్ ఆలస్యమైతే మంట పైపు దాకా సాగుతుంది. ట్యాపెట్ గ్యాప్ తగ్గి ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకపోయినా ఇదే జరుగుతుంది. ఈ చివరిది అశ్రద్ధ చేస్తే వాల్వ్ కాలిపోతుంది.

రంగును చదవడం

స్టెయిన్‌లెస్ స్టీల్ వేడిని బట్టి రంగు మారుతుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డి రంగు, 450 దగ్గర ఊదా, 550 దాటితే నీలం వస్తాయి. ఇంజిన్‌ను ఆనుకున్న మొదటి వంపులో నీలం కనిపించడం జబ్బు కాదు. ఒక పైపే నీలంగా మారినా, రంగు సైలెన్సర్ వైపు పాకుతూ పోయినా అప్పుడు ఆలోచించాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్6 బండ్లలో క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ గమనించాలి. సిలిండర్‌లో మండకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరి కన్వర్టర్‌లో మండుతుంది. అది ఎర్రగా కాలి, లోపలి జల్లెడ కరిగి దారి మూసుకుపోవచ్చు. బండి పికప్ తగ్గడం, పైకి పోవాల్సిన వేగం పోకపోవడం దాని గుర్తులు. చల్లారాక రబ్బరు సుత్తితో మెల్లగా తట్టినప్పుడు గలగలమంటే లోపలి భాగం విరిగినట్టే. మిస్‌ఫైర్ సరిచేయకుండా కొత్త కన్వర్టర్ వేస్తే డబ్బు వృథా.

ప్యాకింగ్ లీకు

బెండు పైపు ఇంజిన్‌కు కలిసేచోట ఉండే ప్యాకింగ్ చెడితే టిక్ టిక్ చప్పుడు వస్తుంది, అతుకు చుట్టూ నల్లటి మసి పడుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ పటపటమంటుంది. లీకు ద్వారా గాలి లోపలికి వెళితే ఆక్సిజన్ సెన్సార్ పెట్రోల్ తక్కువైందని పొరబడుతుంది, కంప్యూటర్ ఇంధనం పెంచుతుంది. చిన్న ప్యాకింగ్ లోపం ఇలా పెద్ద ఇంజిన్ జబ్బులా కనిపిస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే అతుకుపై సబ్బు నీళ్లు చల్లితే బుడగలు లీకును పట్టిస్తాయి.

ఉప్పు బయట, నీరు లోపల

తుప్పుకు మాత్రం రెండు దారులున్నాయి. బయటి నుంచి ఉప్పు క్రోమ్ పూతలోని సన్నటి పగుళ్లలోకి చేరుతుంది. లోపలి నుంచి వచ్చేది నీరు. ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాల్లో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు, ఆ ఆవిరి నీరై అడుగున నిలుస్తుంది. చుక్కలు కారడానికి వదిలిన చిన్న రంధ్రం మూసుకుపోతే అడుగు భాగమే ముందు తూట్లు పడుతుంది. పైన పొట్టులా లేస్తే ఉప్పుది, కింద నుంచి చిల్లు పడితే నీటిదని స్థూలంగా చెప్పవచ్చు. విశాఖ, కాకినాడ, యానాం బండ్లకూ ఇదే వర్తిస్తుంది. వారానికోసారి మంచినీటితో కడిగి, అప్పుడప్పుడు అరగంట పాటు ఆపకుండా నడపడం మంచి రక్షణ.

పరీక్ష ఏ వరుసలో?

చల్లటి బండితోనే మొదలుపెట్టాలి. ఇంజిన్‌ను ఆరుబయటే నడపాలి. మూసిన గదిలో పేరుకునే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, ప్రాణం తీస్తుంది. స్టార్ట్ చేసి నిమిషం ఆగి, ప్రతి పైపు మీదా కొన్ని నీటి చుక్కలు చల్లాలి. చుయ్యిమంటే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. పైపును చేత్తో తాకి చూడకూడదు.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడితే ఒక జాగ్రత్త అవసరం. మెరిసే క్రోమ్ మీద అది అసలు వేడికన్నా బాగా తక్కువ చూపుతుంది. రెండు పైపుల మీదా ఇంజిన్ నుంచి సమాన దూరంలో వేడిని తట్టుకునే నల్ల పెయింట్ చుక్క పెట్టి, అక్కడే కొలిస్తే పోలిక నిలుస్తుంది. కొద్దిపాటి తేడా సహజం. ప్రతిసారీ ఒకే వైపు భారీ తేడా వస్తే మాత్రం లోపమే.

ఆ తర్వాత లీకు, ప్లగ్, ఇన్‌టేక్ రబ్బరు, ట్యాపెట్, కంప్రెషన్ వరుసగా చూడాలి. సైలెన్సర్ మార్చాలా వద్దా అన్నది చివరి ప్రశ్న. మార్చాల్సి వచ్చినా, పాతదాన్ని పాడుచేసిన కారణాన్ని తొలగించాకే కొత్తది బిగించాలి.