చిల్లి

బ్రాడీపేటలో నింగ్లీషు చదువు బాలుని "చిల్లి" యన నేమని యడిగినచో మిరపకాయ యనును. వాని నాయనమ్మ నడిగినచో కుండకు బడిన బొక్క యనును. ఇరువురు చెప్పినదియు నిజమే.

నాయనమ్మ మాట తెలుగు. చిల్లిపడి చెల్లని గవ్వయే చిల్లిగవ్వ. బాలుని మాట మెక్సికోలోని నహువాట్ల్ భాషది. 1492 తరువాత స్పానిషువారి మూలమున యూరపునకు జేరి ఇంగ్లీషున నిలిచినది. చలిని దెల్పు ఇంగ్లీషు "చిల్లి" ప్రాచీనాంగ్లమునుండి వచ్చిన వేరొక మాట. ధ్వని యొక్కటి, పుట్టుకలు మూడు.

అర్థమున వేరైన పిప్పలియు పెప్పరును మాత్రము నిజమైన చుట్టములు. సంస్కృతపు పిప్పలి గ్రీకు, లాటిను భాషల మీదుగా ఇంగ్లీషునకు బోయి మిరియమునకు పేరైనది. ఈ చుట్టరికమునకు వర్తకుల రాకపోకలు సాక్ష్యము. మన చిల్లికి మెక్సికో చిల్లితో నట్టి సాక్ష్యము లేదు.

మిరపకాయ 16వ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలలో మన దేశమునకు వచ్చినది. మిరియమువలె కారమగుటచే మనవారు మిరియము పేరునే కొంత మార్చి దానికి నిచ్చిరి. శ్రాద్ధపు వంటలో మిరపను విడిచి మిరియమునే వాడు ఆచారము కొన్ని యిండ్లలో నేటికిని గలదు. గుంటూరి మిరప పూర్వము పరదేశి యని తెలిసినను మన గోంగూరపచ్చడి రుచి తగ్గదు.

శబ్దసామ్యమొక్కటి చూపి, లోకభాషలన్నియు మన భాషనుండియే పుట్టినవని చాటుట కొందరికి వేడుక. సాక్ష్యము గోరని యభిమానము మన పిల్లలకు విద్య కాజాలదని మా తలంపు. అట్టి వాదము చిల్లికుండ. ఎంత గర్వము పోసినను నిలువదు.