ట్రంకుపెట్టెల్లో మిగిలిన మన చరిత్ర



గోండుల చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కకముందు పాటల్లో ఉంది. మన సగల కథలు, పెర్సపేన్ కథలు ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ తరతరాలుగా పాడుతూ వచ్చారు. ఆ పాట వినాలంటే పాడే మనిషి మన ఎదురుగా ఉండాల్సిందే. మన జీవితాన్ని కెమెరాతో దాచిపెట్టే పని మొదట బయటివారే చేశారు.

1940లలో హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో ఉండి మనవాళ్ల జీవితాన్ని దగ్గరగా చూశారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం వచ్చింది. ఆయన ఫొటోలు, ఫిల్ములు, డైరీలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి.

మరి మనవాళ్లు మనమే తీయించుకున్నవి ఎక్కడున్నాయి? జపాన్‌లో 1976లో పుట్టిన వీహెచ్‌ఎస్ క్యాసెట్, పెళ్లి వీడియోలు తీసేవాళ్ల వెంట మన ఊళ్లకూ వచ్చింది. పెళ్లిళ్లు, దండారి ఆటలు అలా కొన్ని ఇళ్లలో రికార్డయ్యాయి. ఇప్పుడవి ట్రంకుపెట్టెల్లో, అటకల మీద ఉన్నాయి.

2021లో పద్మశ్రీ అందుకున్న మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారు 2024లో కన్నుమూశారు. ఆయన ఆటను టీవీలవాళ్లు, పత్రికలవాళ్లు తీశారు. మీ ఊళ్లో గుస్సాడీ వేసిన తాత ఆటకు మాత్రం మీ ఇంటి క్యాసెట్ ఒక్కటే సాక్ష్యం కావచ్చు.

ఆ సాక్ష్యం ఎక్కువ కాలం నిలవదు. టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన అయస్కాంత పొడి. తేమకు బూజు పడుతుంది, జిగురు పట్టు వదులుతుంది. వీసీఆర్‌లు కూడా ఇక కొత్తవి రావు. చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది. టేపులను కాపాడుకోవడానికి 2025 దాకానే గడువుందని ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ 2015లోనే హెచ్చరించింది.

మా హాస్టల్ అమ్మాయి ఒకరు వాళ్ల తాత ఉన్న క్యాసెట్ తెస్తే, నేనూ పిల్లలూ కూర్చుని దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాం. అడిగి తెచ్చుకున్న పాత వీసీఆర్, పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల వైరు, యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం, ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో సరిపోయాయి. మొదటిసారి బొమ్మ చక్కగా వచ్చింది. పాట బదులు మా గదిలో ఫ్యాను చప్పుడు వినిపించింది! ల్యాప్‌టాప్ మైకు ఆపి, ఆడియో క్యాప్చర్ పరికరం నుంచే రావాలని ఎంచుకోవాలి. అది మరిచిపోయాం.

మీరు చేసేటప్పుడు ఇవి చూసుకోండి. బూజు ఉన్న క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెట్టకండి. వెనకవైపు ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేస్తే పొరపాటున దాని మీద వేరేది రికార్డు కాదు. ఓబీఎస్‌లో 'వీడియో క్యాప్చర్ డివైస్' చేర్చి, మన దేశపు పద్ధతి 'పాల్', సైజు 720×576, సెకనుకు 25 ఫ్రేములు పెట్టండి. ఎంకేవీ ఫైలుగా రికార్డు చేస్తే మధ్యలో కరెంటు పోయినా అప్పటివరకు వచ్చింది మిగులుతుంది. ముందు ఐదు నిమిషాలు తీసి, బొమ్మా మాటా సరిగా ఉన్నాయో లేదో చూడండి. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది, తొందర కుదరదు. పని అయ్యాక కనీసం రెండు కాపీలు వేర్వేరు చోట్ల దాచండి. అసలు క్యాసెట్ పారేయకండి.

ఫైలు తయారైతే పని సగమే అయినట్టు. పెద్దల పక్కన కూర్చుని చూపించి, ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ పాట అని అడిగి రాసుకోండి. పేర్లు చెప్పగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. పేన్ పూజల్లో అందరికీ చూపకూడనివి ఉంటాయి. పెద్దల అనుమతి లేకుండా వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో పెట్టకండి.

ఆ అమ్మాయి వాళ్ల తాతను ఎన్నడూ చూడలేదు. ఆ సాయంత్రం ఆయన గొంతు విని, "మళ్లీ పెట్టండి మేడం" అంది. మూడుసార్లు పెట్టాం. ఈసారి దండారికి ఇంటికి వెళ్లినప్పుడు మీరూ ఆ ట్రంకుపెట్టె తెరిచి చూడండి.