దైవం లేని నీతి: హైదరాబాద్ ఇస్లామిక్ చింతనలో మానవతావాద విమర్శ

మనిషినే అంతిమ ప్రమాణంగా నిలిపే మానవతావాదాన్నీ, షరీయత్ కట్టుబాటు లేని ఆధ్యాత్మికతనూ హైదరాబాద్ ముస్లిం మేధావులు ఒకే తీరుగా ఎదుర్కోలేదు. ముగ్గురి దారులను పోల్చి, ఈ విమర్శ ఎక్కడ గట్టిగా నిలుస్తుందో, ఎక్కడ తడబడుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాతబస్తీలో 1876లో జామియా నిజామియాను స్థాపించిన మౌలానా అన్వారుల్లా ఫారూఖీ ఆరో, ఏడో నిజాములకు గురువు. ఆయన 'కితాబుల్ అఖ్ల్' హేతువును తోసిపుచ్చదు, దాని హద్దులను చర్చిస్తుంది. హాజీ ఇమ్దాదుల్లా మక్కీ శిష్యుడైన ఆయనకు తసవ్వుఫ్, అంటే సూఫీ మార్గం, పరాయిది కాదు. అయితే ఆ సాధన షరీయత్ లోపలే సాగాలి.

అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ 1917లో ఉస్మానియా అనువాద శాఖలో చేరేనాటికి హేతువాది. మరుసటి ఏడాదే ఆ కొలువు వదిలారు. ఆ తర్వాత బౌద్ధం, దివ్యజ్ఞాన సమాజ రచనలు, భగవద్గీత, రూమీ మస్నవీ చదువుతూ మళ్లీ ఇస్లాంకు చేరారు. మతం బయటి ఆధ్యాత్మికత ఆయనకు మజిలీ అయింది, గమ్యం కాలేదు.

ఔరంగాబాదులో పుట్టిన మౌదూదీ 1933 నుంచి హైదరాబాదులో 'తర్జుమానుల్ ఖురాన్' నడిపారు. ఆ కాలపు వ్యాసాల సంపుటి 'తన్ఖీహాత్'లో పాశ్చాత్య నాగరికత పునాదులనే ప్రశ్నించారు. చట్టం చేసే అంతిమాధికారం దేవుడిదేనన్న ఆయన వాదన 1941లో లాహోర్‌లో జమాతే ఇస్లామీగా రూపుకట్టింది.

ఈ మూడు దారుల వెనుక ఉన్న ఇస్లామిక్ మూలసూత్రం ఆఖిరత్‌లో, అంటే పరలోకంలో, జవాబు చెప్పుకోవాలన్నది. మనిషిపై ప్రేమకు ఇది అడ్డు కాదు. హుకూకుల్ ఇబాద్, అంటే సాటి మనుషుల హక్కులు, కాలరాస్తే నమాజులతో ఆ బాకీ తీరదు, నష్టపోయినవాడే క్షమించాలి. ఎవరూ చూడనప్పుడు కూడా బాధ్యత ఎందుకు తప్పదన్న ప్రశ్నకు ఇక్కడ సూటి జవాబు ఉంది. అనుభూతి దగ్గరే ఆగే ఆధ్యాత్మికత ఆ జవాబు ఇవ్వలేదు.

కానీ మూసీ ఒడ్డున సిటీ కాలేజీలో ఉర్దూ బోధించిన మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నారు. కమ్యూనిస్టుగా మారి పీడితుల కోసం అజ్ఞాతవాసం, జైలు భరించారు. దైవభీతి లేకపోతే త్యాగం ఉండదన్న వాదన ఆయన ముందు నిలవదు. మరోవైపు, సాటివారికి చిన్న సాయం కూడా నిరాకరించే నమాజీలను ఖురాన్‌లోని మావూన్ సూరా మందలిస్తుంది. కాబట్టి విశ్వాసం బాధ్యతకు ఆధారం చూపగలదే తప్ప, ఆచరణకు హామీ ఇవ్వదు.

మౌదూదీ వాదనకు మరో చిక్కుంది. శాసనం దేవుడిదే అయినా దానికి అర్థం చెప్పేదీ, అమలు చేసేదీ మనుషులే. మనిషి అధికారంపై ఆయన వ్యక్తం చేసిన అనుమానం ఆ వ్యాఖ్యాతలకూ వర్తించాలి. అలా తనవారినీ అదే ప్రమాణంతో తూచినప్పుడే ఈ విమర్శ మానవతావాదిని ఒప్పించగలుగుతుంది.